మేక తిన్న పాఠాలు

మణుగూరు, కాలనీ
20 సెప్టెంబరు 1992

జంపక్కకు,

నువ్వు దొంగవి. నమస్తే లేదు, క్షేమమా అని అడుగుడు లేదు. ముందుగాల ఈ ఒక్క మాట చదువుకో. నువ్వు దొంగవి.

మొన్న ఆదివారం అంగట్ల మీ తమ్ముడు గోపాలు కలిసిండు. కంట్రాక్టు పనికి వచ్చిండంట. చాయ్ తాగిపిచ్చిన. "మీ అక్క ఏం చేస్తంది?" అంటే పకోడి నములుకుంట "అక్క ఇంటరు ప్రైవేటుగ రాస్తంది గద, నీకు తెల్వదా? అన్నీ గట్టెక్కినయ్, ఇగ సెకండియర్ హిస్టరీ ఒక్కటే మిగిలింది" అన్నడు. నాకు తెల్వదా అంట! నా గ్లాసుల చాయ్ చల్లారిపోయింది గని నేను తాగలే.

భద్రాచలం హాస్టల్‌ల మనిద్దరిదీ ఒక్కటే ట్రంకు పెట్టె. పదో తరగతి పరీక్షలు అయిపోయిన రోజు కరకట్ట మీద కూసొని ఏమన్నం? చదివితే ఇద్దరం చదువుదం, లేకుంటే ఇద్దరం లేదు. ఆ మాట నువ్వే అన్నవ్. నేను తలూపిన. సోషల్‌ల ఫస్టు ఎవరు? నేను. రెండో నంబరు ఎవరు? నువ్వు. అక్బరు పాఠం నీకు ఎవరు చెప్పిండ్రు? ఇప్పుడు ఆ రెండో నంబరు మనిషి నాకు మాట మాత్రం చెప్పకుండ ఏడాదిన్నర సంది పరీక్షలు రాసుకుంట పోతంది. విప్లవం రహస్యంగ చేస్తరు గని, పరీక్ష రహస్యంగ రాస్తరా?

నేను ఇక్కడ సారా దుకాణాల ముందల ఆడోళ్లను కూడేసి, చదువు లేకనే మనకు ఈ గతి అని గొంతు చించుకుంటున్న. నువ్వు అక్కడ ఆశ్రమ పాఠశాల వంటింట్ల ఆయా పని చేసుకుంట, పప్పు ఉడికేలోగా చదివేసినవ్. మాట నాది, చదువు నీదా?

ఇది కుళ్లు అనుకునేవు. నేను కుళ్లేదాన్ని కాదు. ఇది సూత్రం.

ఇంకొకటి. హిస్టరీయే దొరికిందా నీకు? ఎవని హిస్టరీ అది? యూరపు రాజులు ఎవడు ఎవని మెడ కోసిండో బట్టీ కొట్టి, గోదారి ఒడ్డు కోయదానివి నువ్వేం చేస్తవ్? ఫారెస్టోడు వచ్చి నీ పోడు మీద ట్రెంచి కొడితే లూయీ రాజు అడ్డం వస్తడా? నీ జాతి కథ లేని పుస్తకం చదివి సర్టిఫికెటు తెచ్చుకొనుడు, కాళ్లకు సంకెళ్లు వేసుకొని పట్టీలని మురిసినట్టే.

జవాబు రాయి. దాసిపెట్టకుండ రాయి.

హేమ్లి


వద్దిపేట, చర్ల దారి
11 అక్టోబరు 1992

ఓ లీడరమ్మా,

నీ జాబు పోస్టుమాన్ నా చేతికియ్యకుండ హెడ్మాస్టరుకు ఇచ్చిండు. ఆయన పైన పైన చూసి "ఎవరో నిన్ను దొంగవంటున్నరు" అన్నడు. మా దోస్తు సార్, గట్లనే ఉంటది అన్న.

అవ్, చెప్పలే. ఎందుకు చెప్పలేదో నీ జాబులనే ఉన్నది. నువ్వు ఫస్టు, నేను రెండో నంబరు. చెప్తె నువ్వూ రాస్తనంటవ్. రాస్తె మళ్లా అదే లెక్క. హాస్టల్‌ల సార్లు పేపర్లు పంచేటప్పుడు ముందుగాల నీ పేరు పిలుస్తుంటె నేను ఎంత కుళ్లుకునేదాన్నో నీకెప్పుడన్న చెప్పిన్నా? ఒక్క పరీక్షన్న పక్కన నువ్వు లేకుండ రాయాలనిపించింది. నీకు బొగ్గు గని కాలనీల కరెంటు, కుళాయి, మైకు అన్నీ ఉన్నయ్. నాకు ఇదొక్కటన్న ఉండనీ అనుకున్న.

ఇగ ఎందుకు రాస్తున్ననంటె, మా ఊరి బడి కోసం. నేను పనిచేసే ఆశ్రమ పాఠశాల కాదు, ఒక్క పంతులు ఉండే చిన్న బడి. పంతులు గోదారి కింది దిక్కు మనిషి, మంచోడే, గని కోయ మాట ఒక్కటి రాదు. పోయిన నెల ఒక పిల్ల మంచినీళ్లకు పోత సార్ అని మా కోయ భాషల అడిగితే, ఎదురు మాట్లాడుతందని ఎండల నిలబెట్టిండు. ఆ పిల్ల ఇగ బడికే రాలే. ఆ పంతులు వచ్చే ఏడు బదిలీ అయి పోతడంట. ఇంటరు పాసైన మన మనిషి ఉంటె ఆ పోస్టు మనకే ఇస్తమని ఆఫీసరు అన్నడు. వయసు కూడ సడలిస్తరంట. మా ఊళ్లె పది దాటింది నేనొక్కదాన్నే. అర్థమైందా, సూత్రాలమ్మా? లూయీ రాజు ఫారెస్టోనికి అడ్డం రాడు గని, ఆ పిల్లకు మంచినీళ్లిప్పిస్తడు.

ఇప్పుడు నిన్ను రెండు అడుగుత.

ఒకటి. మా నాయన పగిడయ్య, కోయోళ్ల కథలు పాడే డోలీ అని నీకు తెలుసు. జాతరల పడిగె గుడ్డ విప్పి, దాని మీది బొమ్మలు చూపుకుంట మా గట్ల, అంటె మా గోత్రాల, పుట్టుక కథలు చెప్పేటోడు. ఆయన నేర్పేటప్పుడు ఎదురుంగ ఒక మనిషి కూసోవాలె. ఆ మనిషి పని వినుడు కాదు, కాదనుడు. "కాదు, మన పెద్దలు ఆ ఏరు దాటలే" అంటడు. దాటిండ్రని నాయన పాడి నిలబెట్టాలె. కాదనేటోడు లేకుంటె కథ నోట్ల నిలవదు అనేది. తమ్ముణ్ని ఎదురుంగ కూసోపెట్టిండు. ఆడపిల్లనని నన్ను గోడ వెనకకు పంపిండు. వెనక నుంచే నేర్సిన. ఇప్పుడు నేను హిస్టరీ చదువుతుంటె ఎదురుంగ ఎవరూ లేరు. మా ఆయన భీమయ్యకు చెప్తె ఊ, ఊ అనుకుంటనే గురక పెడతడు. నువ్వు కాదను, హేమ్లీ. నీ అంత మంచిగ కాదనేటోళ్లు ఈ జిల్లాల లేరు.

రెండోది. నా పుస్తకం మేక తిన్నది. నవ్వకు. మొదటి ప్రపంచ యుద్ధం కాడ్నుంచి చివరి దాక అంతా దాని కడుపుల ఉన్నది. మీ కాలనీ లైబ్రరీల ఈ పుస్తకం ఉంటదంట. తీసి పంపు, చూసుకొని మళ్లా పంపిస్త.

మొదటి పాఠం రాస్తున్న. ఫ్రాన్సుల మూడు వర్గాలు. పూజారులు, దొరలు పన్ను కట్టరు, మూడో వర్గమే కడతది. రొట్టె పిరమైతే పారిస్ ఆడోళ్లు వానల నడిచి రాజు మేడ మీదికి పోయిండ్రు. రాజును పట్నానికి పట్టుకొచ్చిండ్రు. మీ సంఘపోళ్లు సారా కొట్టు మీదికి పోయినట్టే. అందరికీ సమానత్వం వచ్చింది.

కాదను చూద్దం.

జంపక్క


మణుగూరు, కాలనీ
8 నవంబరు 1992

జంపక్కా,

లైబ్రరీల ఆ పుస్తకం లేదు. అడిగిన. లేదు.

ఇగ నీ పాఠానికి వస్త. కాదు!

అందరికీ సమానత్వం వచ్చిందా? ఎవరు చెప్పిండ్రు? రాజును జుట్టు పట్టి గుంజుకొచ్చిన ఆ ఆడోళ్లకు ఓటు ఇచ్చిండ్రా? ఇయ్యలే. హక్కుల కాయితం రాసుకున్నరు, అందుల మొగోని హక్కులు రాసుకున్నరు. మాకేవి అని అడిగిన ఆడమనిషి తల తీసిండ్రు. వానల నడిచేటప్పుడు ఆడది కావాలె, కాయితం రాసేటప్పుడు వద్దు. ఇది ఫ్రాన్సు సంగతి అనుకుంటున్నవా? మొన్న ఇక్కడ సారా ప్యాకెట్లు కాలవెట్టింది ఎవరు? మేము. పోలీసుల లాఠీ నా మోచేతికి తగిలింది, ఇంకా వాపు దిగలే. తెల్లారి మీటింగు పెట్టిండ్రు. వేదిక మీద పది కుర్చీలు. ఒక్క కుర్చీల ఆడది లేదు. నాకు మైకు ఇచ్చిండ్రు గని, నిలబడి మాట్లాడి కిందికి దిగమన్నరు. కూసోమని అనలే. నీ పుస్తకంల "స్త్రీలు పాల్గొన్నారు" అని ఉంటది చూడు. పాల్గొనుడంటె అదే. కుర్చీ లేకపోవుడు.

పరీక్షల గట్ల రాయి, దమ్ముంటె.

అన్నట్టు, మా ఆయన రామ్‌సింగ్ నీ జాబు చదివి "మీ దోస్తు మంచి పని చేస్తంది, ఎంతన్న మెచ్చుకోవాలె" అన్నడు. పెండ్లయి ఇన్నేండ్లయింది, నా ఉపన్యాసం ఒక్కటి విని ఆ మాట అనలే. డంపరు నడిపి నడిపి చెవులు పోయినయ్ అంటడు. నీ జాబుకైతే చెవులు అక్కరలేదు గద.

మా తండాల సంగతి విను. ఏన్కూరు పోయినప్పుడు మా యాడితోటి, అమ్మా, జంపక్క ఇంటరు రాస్తందని చెప్పిన. "నువ్వు?" అన్నది. ఒక్కటే మాట. నా బిడ్డకు మైకు ఉంది అని పదూర్లల్ల చెప్పుకునే మనిషి "నువ్వు?" అన్నది. ఆ ఒక్క మాట నీ మూలాన పడ్డ.

తర్వాతి పాఠం పంపు.

హేమ్లి


వద్దిపేట
13 డిసెంబరు 1992

లీడరమ్మా,

కుర్చీ సంగతి చదివి నవ్వొచ్చింది, ఆ తర్వాత రాలే. ఆ జాబు ముందల వెట్టుకొని, నువ్వు కాదన్నదానికి నేను పైకి చదివి జవాబు చెప్పిన. రొట్టె కాల్చుకునే ఆడోళ్లు రాజును పట్నం తెచ్చిండ్రంటె అది ఓటు కంటె తక్కువనా అని. వంటింట్ల పిల్లలు గుమిగూడిండ్రు. పాఠం రాయి మీద గీసినట్టు నిలిచింది. మా నాయన మాట నిజమే.

మోచేతికి నువ్వుల నూనె రాయి. లాఠీ దెబ్బకు జండూబామ్ పనికిరాదు.

సారా మీద మాత్రం నాకూ ఒక కాదు ఉన్నది. సర్కారు ప్యాకెట్టు మీరు తగలపెట్టుండ్రి, మంచిదే. మా ఇప్పసారా జోలికి రాకుండ్రి. వేల్పుకు పోసేది, చచ్చినోనికి పోసేది వేరు. పోయిన వారం మీ సంఘపోళ్లు చర్లకు వచ్చి కుండలు పగలగొట్టిండ్రు. దేవుని కుండేది, దుకాణం కుండేది అని ఒక్కరన్న అడగలే. మొగోళ్లు మీకు కుర్చీ ఇయ్యలేదు, సరే. మీరు మాకు ఇచ్చిండ్రా?

ఇది పాఠం. పారిశ్రామిక విప్లవం. ఇంగ్లండుల బొగ్గు, ఇనుము దొరికినయ్. ఆవిరి యంత్రం వచ్చింది. రైలు వచ్చింది. సరుకు చవకైంది, ప్రయాణం సులువైంది, ప్రజల జీవితం సుఖమైంది. బొగ్గు లేకుంటె నాగరికత లేదు అని పుస్తకంల ఉన్నది.

బొగ్గు పాఠం నిన్ను అడగకుండ ఎట్ల దాటుత?

పుస్తకం దొరకలేదంటివి. సరే.

జంపక్క


మణుగూరు, కాలనీ
17 జనవరి 1993

జంపక్కా,

కుండల సంగతి మా సంఘంల అడిగిన. కొట్లాట అయింది. ఆ సంగతిల నీదే న్యాయం. ఇంతకంటె రాయను, చెయ్యి రాదు.

బొగ్గు సంగతికొస్త. జీవితం సుఖమైందా? ఎవని జీవితం? రామ్‌సింగ్ డ్యూటీ దిగి వచ్చి ముక్కు చీదితే రుమాలు నల్లబడతది, ఎన్ని సబ్బులు పెట్టినా పోదు. నాగరికత అంటె ఆ రుమాలు. ఇంగ్లండుల బొగ్గు బాయిల్ల ఎనిమిదేండ్ల పిల్లలు నడుముకు గొలుసు కట్టుకొని, చీకట్ల నాలుగు కాళ్ల మీద పాకుకుంట బండ్లు లాగిండ్రు. ఆడోళ్లు కడుపుతోటి ఉండి లాగిండ్రు. ఆ సంగతి రెండు లైన్లల్ల ఉంటది, రైలింజను బొమ్మ మాత్రం అర పేజీ.

రైలంటివి గద, విను. మా లంబాడోళ్లు ఎవరనుకుంటున్నవ్? ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని సముద్రం కాడ్నుంచి ఢిల్లీ దాక తిరిగినోళ్లం. పాదుషాల దండులు మా ఎద్దులు రాకుంటె ఉపాసం ఉండేటివి. ఒక్కొక్క నాయకుని ఎనక వేల ఎద్దులు. మా తాత ముత్తాతలకు ఊరు లేదు, దారే ఊరు. రైలు వచ్చింది. ఎద్దు కంటె చవకగ ఉప్పు మోసింది. అంతే, మా బేరం కూలింది. దారి పోయిన జాతి అడవి అంచుల కూలబడ్డది. తెల్లదొర మమ్మల్ని దొంగజాతి అని రిజిస్టర్ల రాసుకున్నడు. ఆ రైలు బొగ్గుతోటి నడిచింది. ఇప్పుడు అదే బొగ్గు తవ్వే కాడ నా మొగడు డంపరు నడుపుతుండు. జంపీ, ఇది ఏ పుస్తకంల లేదు. ఇది నా పాఠం. నువ్వు రాస్తున్న పరీక్షల నా పాఠం లేదు, నేనూ లేను.

ఇదొక్కటేనా? రష్యా పాఠమైతే మరీ అన్యాయం. ఏం రాసిండో చూడు. "ఆహార కొరత వలన రాజధానిలో అల్లర్లు చెలరేగినవి" అంట. అల్లర్లంట! మార్చి ఎనిమిదిన బట్టల మిల్లు ఆడోళ్లు పని బంద్ పెట్టి వీధుల్లకు వచ్చిండ్రు. మొగ కార్మికులు ఇప్పుడే వద్దన్నా వినకుండ వచ్చిండ్రు. వారం రోజులల్ల జారు చక్రవర్తి దిగిపోయిండు. అన్ని తరాల రాజ్యాన్ని దింపింది వాళ్లు. పుస్తకం వాళ్లకు "అల్లర్లు" అని ఒక్క మాట పడేసి, ఆ కిందనే లెనిను ఏ బండిల దిగిండో అర పేజీ రాసింది. ఇప్పుడు ఆ దేశమే పోయింది గనుక అంతా తప్పే అంటున్నరు. రాజ్యం పోతె ఆకలి తప్పైతదా?

పేజీ పేజీకి కొట్లాడ బుద్ధైతంది.

హేమ్లి


వద్దిపేట
7 ఫిబ్రవరి 1993

హేమ్లీ,

నీ జాబు అందింది. ఎద్దుల సంగతి చదివి భీమయ్యను లేపి వినిపించిన. ఆయన ఈసారి నిద్రపోలే.

రష్యా సంగతి మంచిగ రాసినవ్. యుద్ధాలు, ఐక్యరాజ్య సమితి సంగతి కూడ రాయి. పరీక్ష మార్చిలనే.

ఇంకేం అడగను.

జంపక్క


మణుగూరు, కాలనీ
28 ఫిబ్రవరి 1993

జంపక్కకు,

అడిగినవ్ గనుక రాస్తున్న. మొదటి యుద్ధానికి ఒక యువరాజును కాల్చి చంపుడు కారణం అంటరు. కాదు. ఇంట్ల గడ్డివాము ఎండి ఉంటె అగ్గిపుల్లను తిడతరా? ప్రపంచాన్ని పంచుకున్న దొరల మధ్య వాటాల తగువు అది. నానాజాతి సమితి పళ్లు లేని ముసలమ్మ. ఐక్యరాజ్య సమితిల ఐదుగురికి మాత్రం వీటో. ఊరి పంచాయతిల ఐదిండ్లోళ్లు వద్దంటె మాట పోయినట్టే. ఇంతకంటె దానికి విలువ లేదు.

కొత్త పెన్ను పంపుతున్న. నిబ్బు మంచిది. నా చేతికి అలవాటైంది గనుక మొదట్ల కొంచెం గీరుతది.

మొన్న రామ్‌సింగ్ "పరీక్ష ఆమెదా, నీదా? నీకెందుకు ఆకలి పోయింది?" అన్నడు. సంఘం పని ఎక్కువైంది అన్న. "గట్లనా! సంఘంల బిస్మార్కు కూడ చేరిండా? నిద్రల పిలుస్తున్నవ్" అన్నడు. ఆ మనిషికి ఇయ్యాల రేపు చెవులు మంచిగనే పనిచేస్తున్నయ్.

మంచిగ రాయి. మరీ మంచిగ కూడ రాయకు.

హేమ్లి


వద్దిపేట
6 జూన్ 1993

హేమ్లీ,

తునికాకు కల్లం అయిపోయింది, ఇప్పుడే కూసున్న. చేతులు ఇంకా ఆకు వాసనే.

తప్పిన. ముప్పై ఐదు రావాలె, ముప్పై ఒకటి వచ్చినయ్.

ఎట్ల తప్పిన్నో నీకు చెప్పాలె. ఇప్పపువ్వు రాలే రోజులు. ఇద్దరు కోడండ్లకు ఏరుడు అప్పజెప్పి భద్రాచలం పోయిన. హాల్ల అందరూ నా బిడ్డల ఈడు పిల్లలు. ఫ్రాన్సు ప్రశ్న వచ్చింది. పుస్తకం చెప్పింది రాసిన. రాసి ఊకుంటె అయిపోతుండె. చెయ్యి ఊకోలే. మా నాయన కాడ నేర్సిన చెయ్యి గద, కాదనే మాట రాకుండ కథ ముందుకు పోనియ్యలే. "దీనికి మణుగూరు ఆడోళ్ల అభ్యంతరం ఇది" అని నీ కుర్చీ సంగతంతా రాసిన. మళ్లా దానికి నా జవాబు రాసిన. బొగ్గు ప్రశ్నకు ఎద్దుల కథంతా రాసిన. అది రాస్తుంటె ఎంత మంచిగనిపించిందో! తలెత్తి చూస్తె టైం సగం కంటె ఎక్కువ పోయింది.

గని తప్పింది అందుకు కాదు. అవి రెండూ రాసినకాడికి మార్కులు వచ్చే ఉంటయ్. మిగిలిన పెద్ద ప్రశ్నలల్ల ఒకటి రష్యా, ఒకటి ఐక్యరాజ్య సమితి. ఆ పాఠాలు మేక తిన్నయ్. నా కాడ నీ జాబులే ఉన్నయ్. పుస్తకం ఏం చెప్పిందో నాకు తెల్వదు. దాన్ని నువ్వెట్ల తిట్టినవో తెలుసు. అదే రాసిన. సమితి ఎప్పుడు పుట్టింది, ఎందుకు పుట్టింది, దాంట్ల ఏమేమి సభలుంటయ్ అని అడిగిండ్రు. ఐదిండ్ల పంచాయతి, పళ్లు లేని ముసలమ్మ అని రాసిన. దిద్దినాయన నవ్వుకొని సున్న వేసి ఉంటడు. నేనైనా అదే వేస్త.

పుస్తకం లేదన్నవ్. లేని పుస్తకంల వాక్యం ఉన్నదున్నట్టు ఎట్ల రాసినవ్, హేమ్లీ? "ఆహార కొరత వలన రాజధానిలో అల్లర్లు చెలరేగినవి." గది నీ మాట కాదు. నీకు "వలన" రాదు. జనవరిలనే తెలిసింది నాకు, పుస్తకం నీ ఇంట్లనే ఉన్నదని.

మరి మళ్లా ఎందుకు అడగలే అంటవేమో. డోలీలు ఏటేట గడప గడపకు పోతరు. ఒక గడప లేదన్నదంటె ఆ ఏడు మళ్లా ఆ గడప ముందల చెయ్యి చాపరు. పస్తులున్నా చాపరు. నాయన చచ్చిపోయిండు గని ఆ బుద్ధి నాకు పోలే. అడగలే. నువ్వే ఇస్తవేమోనని పరీక్షకు పోయే దాక చూసిన. పార్సిలు వచ్చిందంటె పోస్టాఫీసుకు ఉరికిన. పెన్ను.

ఆఫీసరు కాడికి పోయిన. పంతులు ఈ నెలల్నే పోతుండు. అక్టోబరు పరీక్ష దాక ఆ పోస్టు ఖాళీగ ఉంచుతమన్నడు. అప్పుడు కూడ తప్పితె బయటి మనిషిని వేస్తరంట. ఆ మంచినీళ్ల పిల్ల నిన్న మా వంటింటికి వచ్చి అవ్వా, నువ్వు ఎప్పుడు పంతులమ్మవైతవ్ అని అడిగింది.

ఏం చెప్పాలె?

జంపక్క


మణుగూరు, కాలనీ
20 జూన్ 1993

జంపీ,

ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం ముట్టలే. పశ్చాత్తాపం అనుకోకు. ముందుగాల వచ్చింది కుళ్లే. నా కుర్చీ, నా ఎద్దులు, నా మాటలు భద్రాచలం పోయి పరీక్ష రాసి వచ్చినయ్. నేను ఇక్కడ్నే ఉన్న. నువ్వు తప్పినవని చదివినప్పుడు కూడ, తప్పితె తప్పింది, ఆమె పరీక్ష హాలు లోపలికన్న పోయింది గద అనిపించింది. గిట్ల రాస్తున్న మనిషిని ఏమంటరో నువ్వే చెప్పు.

పుస్తకం అక్టోబరు నుంచి నా కాడ ఉన్నది. నీ జాబు అందిన నాడే పోయి తీసుకొచ్చిన. నీకు పంపుదమనే తెచ్చిన. పంపే ముందు ఒక్క పాఠం చూద్దమని తెరిసిన. అంతే. రెండో రోజు పెన్సిలు పట్టుకున్న. మూడో రోజు బియ్యం డబ్బా వెనక పెట్టిన. లైబ్రరీ పెద్దమనిషి అడిగినప్పుడల్ల ఇంకో పదిహేను రోజులు అన్న. నీకియ్యకపోవడానికి ఏదన్న సూత్రం దొరుకుతదేమోనని ఎంతో వెతికిన. అన్నిటికీ సూత్రం దొరికే నాకు దీనికి దొరకలే.

నేను నెలల సంది వేదికల మీద ఒక్కటే చెప్తున్న. చదువును దాసిపెట్టేటోడు దొర అని. తాళపత్రాలు దాసినోణ్ని తిట్టిన, గుడి తలుపులు మూసినోణ్ని తిట్టిన. బియ్యం డబ్బా వెనక దాసినదాన్ని ఎవరు తిట్టాలె? ఈ మాట రామ్‌సింగ్‌తోటి అంటె, "నువ్వే మైకు తీసుకో, మంచిగ తిడతవ్" అన్నడు. నవ్వలే ఆయన.

కాదనుడు నాకు చాత అయితది అని నువ్వు మెచ్చుకున్నవ్. నిజం చెప్పాలంటె పాఠం దాసిపెట్టి కాదన్న. నీ ముందల కథ చెప్పకుండనే కథను నరికిన. అది ఎదురుంగ కూసునుడు కాదు, గోడ వెనకకు పంపుడు. మీ నాయన నిన్ను పంపినట్టే.

నా తప్పుకు పెద్ద మాటలు రాయబుద్ధి కాదు. మా సంఘంల ఒక పద్ధతి ఉంది. అన్యాయం చేసినోడు ఏడిస్తె మేము వినం. ఏం చెయ్యాల్నో కాయితం మీద రాసి వాని ముందల పెడతం. సంతకం పెట్టిస్తం. నువ్వు గూడ గట్లనే రాయి. ఏం రాసినా సంతకం పెడత.

హేమ్లి


వద్దిపేట
4 జూలై 1993

మణుగూరు హేమ్లికి,

వాన మొదలైంది, వాగు పొంగకముందే ఈ జాబు దాటాలె. అందుకని పొడుగు రాయను. బడి తెరిసిండ్రు, పంతులు లేడు. పిల్లలు వచ్చి గేటు కాడ నిలబడి పోతున్నరు.

కోపం ఉన్నది. పోలే. నా కుళ్లు నీకు చెప్పిన, నీ కుళ్లు నువ్వు చెప్పినవ్, అది సరికి సరి అయింది. ముప్పై ఒకటి మాత్రం సరి కాలే. అది ముప్పై ఐదు కావాలె. అందుకని మీ సంఘపోళ్లు రాసినట్టే రాస్తున్న.

డిమాండ్లు:

1. పుస్తకం బస్సుల ఎవరితోటీ పంపొద్దు. నువ్వే తేవాలె.

2. వచ్చే ముందు ఖమ్మం పోయి నీ ఫస్టియర్ ప్రైవేటు దరఖాస్తు పెట్టి రావాలె. ఆ రసీదు నాకు చూపియ్యాలె. హిస్టరీ తీసుకోవాలె.

3. మీ యాడికి ఈ సంగతి నువ్వే చెప్పాలె. ఆమె మళ్లా "నువ్వు?" అని అడగొద్దు.

4. అక్టోబరు పరీక్షకు ముందు పదిహేను రోజులు మా ఇంట్ల ఉండాలె. వంట నేను చేస్త. ఇప్పసారా కుండ ముట్టొద్దు.

5. అక్టోబరు అయినంక లైబ్రరీ పుస్తకం లైబ్రరీకి పోవాలె. నువ్వు పెన్సిలుతోటి రాసిన తిట్లు చెరపొద్దు. పెద్దమనిషి అడిగితే నా పేరు చెప్పు.

6. నీ పరీక్షకు ఎదురుంగ నేను కూసుంట. ఏడ్వొద్దు.

7. మా ఇంట్ల ఒక కుర్చీ ఉన్నది. అండ్ల కూసో. ముందుగాల పాఠం పూర్తిగ చదివి వినిపియ్యి. తర్వాతనే కాదను.

జంపక్క